దవడ ఎముక తరిగిపోయాక ఇంప్లాంట్ సాధ్యమేనా?

ప్రశ్న: నా వయసు 54. కింది దవడలో రెండు పెద్ద దంతాలు పీకించుకుని ఏడేళ్లు దాటింది. ఇప్పుడు ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను వేర్ల) కోసం వెళితే, ఎముక సన్నబడిందని, ముందు ‘ఎముక పొడి’ వేసి కొన్ని నెలలు ఆగాలని డాక్టరు గారు అంటున్నారు. ఆ పొడిని పశువుల ఎముకల నుంచి తీస్తారని విన్నాను. అది ఒంటికి పడుతుందా? నిజంగా ఎముకగా మారుతుందా? — ఒక పాఠకురాలు

జవాబు: పన్ను వేరును పట్టి ఉంచే ఎముక ఆ పన్ను ఉన్నంతకాలమే నిలకడగా ఉంటుంది. పన్ను తీసేశాక మొదటి ఆరు నెలల్లోనే వెడల్పులో సగటున 4 మిల్లీమీటర్ల వరకు, ఎత్తులో ఒక మిల్లీమీటరుకు పైగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. బుగ్గ వైపు ఉండే గోడ పలుచన కాబట్టి తరుగుదల అక్కడే ఎక్కువ. పైన పెట్టుకునే కట్టుడు పళ్లు దీనిని ఆపలేవు. కనుక మీ నిర్లక్ష్యం వల్లే ఇలా జరిగిందని బాధపడకండి.

ఇక పొడి సంగతి. పశువుల ఎముకను అధిక వేడితోనో రసాయనాలతోనో శుద్ధిచేసి, అందులోని కణాలను, కొవ్వును, మాంసకృత్తులను తొలగించి, ఖనిజ భాగాన్ని మాత్రమే మిగులుస్తారు. అవయవ మార్పిడిలో వచ్చే తిరస్కరణ సమస్య దీనితో రాకపోవడానికి కారణం అదే. అయితే ఆ పొడి తానుగా ఎముక కాదు. తీగకు పందిరి ఎలాగో, కొత్త ఎముకకు ఈ రేణువులు అలాగ. వాటి మధ్య ఖాళీల్లోకి మీ దవడ నుంచే రక్తనాళాలు, ఎముకను కట్టే కణాలు పాకివచ్చి అక్కడ ఎముకను నిర్మిస్తాయి. నేను అన్నిటికన్నా నొక్కి చెప్పదలచినది ఇదే: ఏ పొడి వేశారన్న దానికన్నా, దానికి రక్తప్రసరణ బాగా అందడం, అది కదలకుండా ఉండడం, పైన చిగురు బిగువు లేకుండా మూసుకోవడం ముఖ్యం.

పశువుల ఎముక రేణువులు చాలా నెమ్మదిగా కరుగుతాయి. కొన్ని ఏళ్ల తరబడి కొత్త ఎముకలోనే ఉండిపోతాయి. అది లోపం కాదు, కట్టిన ఎముక మళ్లీ కుంచించుకుపోకుండా అవే కాపాడతాయి. కృత్రిమంగా తయారుచేసే ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అంతకన్నా త్వరగా కరుగుతుంది. మీ గడ్డం నుంచో, దవడ వెనుక భాగం నుంచో తీసే సొంత ఎముకలో జీవకణాలు ఉంటాయి గనుక దానికి సాటి మరొకటి లేదు. కానీ అందుకు మరో చోట గాయం చేయాలి, పైగా అది కూడా కొంత తరుగుతుంది. అందుకే చాలామంది వైద్యులు సొంత ఎముకనూ, పొడినీ కలిపి వాడతారు.

పశు సంబంధమైనది వద్దనుకుంటే ఆ మాట ముందే చెప్పండి, అలా చెప్పే హక్కు మీకు ఉంది. అయితే చాలామంది గమనించని విషయం ఒకటుంది: చిగురు ఎముకకన్నా వేగంగా పెరిగి ఆ ఖాళీని ఆక్రమించకుండా పొడిపైన కప్పే కొల్లాజెన్ (ఒక రకం మాంసకృత్తి) పొర కూడా సాధారణంగా పంది లేదా పశువుల నుంచి తీసినదే. కాబట్టి పొడి గురించే కాక పొర గురించి కూడా అడగండి.

సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆగాలి. తొందరపెట్టవద్దు. 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇంప్లాంట్‌కు చుట్టూ ఎముక మిగలాలంటే కనీసం 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. కింది దవడలో నరానికి దాదాపు 2 మిల్లీమీటర్ల దూరం కూడా పాటించాలి. త్రీడీ స్కాన్ చూపించి ఈ కొలతలు వివరించమని అడగండి. ఎత్తు మాత్రమే తక్కువైతే పొట్టి ఇంప్లాంట్‌తో సరిపోవచ్చు గాని, మీకు తగ్గింది వెడల్పు. పొగతాగే అలవాటున్నా, షుగరు అదుపులో లేకపోయినా గాయం సరిగా మానక, వేసిన పొడి నిలవని ప్రమాదం పెరుగుతుంది.

ప్రశ్న: ఎముకల బలహీనతకు వారానికోసారి మాత్ర వాడుతున్నాను. ఇంప్లాంట్ వేయించుకోవచ్చా?

జవాబు: ఆ మాత్ర ఎముక తరుగుదలను తగ్గించే బిస్ఫాస్ఫొనేట్ రకానిదై ఉండవచ్చు. దానివల్ల అరుదుగా, శస్త్రచికిత్స తరువాత దవడ ఎముక మానకుండా చచ్చుబడుతుంది. క్యాన్సర్‌కు ఇచ్చే ఎక్కువ మోతాదు ఇంజెక్షన్లతో పోలిస్తే మాత్రలతో ఆ ముప్పు చాలా తక్కువ, కానీ వాడిన కాలం పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఎన్నేళ్లుగా వాడుతున్నారో దంతవైద్యులకు చెప్పండి. మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు. ఆ నిర్ణయం మందు రాసిన వైద్యులతో మాట్లాడాకే తీసుకోవాలి.