జర్మనీలో 16, అమెరికాలో 21: ఎందుకింత తేడా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అబ్బాయికి 19 ఏళ్లు. డిగ్రీ చదువుకని ఆగస్టులో టెక్సాస్ వెళ్తున్నాడు. మా అక్క కొడుకు జర్మనీలో ఉన్నాడు. అక్కడ 16 ఏళ్లకే బీరు కొనుక్కోవచ్చట. ‘జర్మనీలోనే అలా ఉంటే అమెరికాలో ఇక అడిగేవాళ్లెవరు?’ అంటున్నాడు మావాడు. నిజమేనా? ఒక్కో దేశంలో ఒక్కో వయసు ఎందుకు? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మీవాడు తిరగేసి అర్థం చేసుకున్నాడమ్మా. జర్మనీలో బీరు, వైన్ 16కి, విస్కీ లాంటివి 18కి ఇస్తారు. అమెరికాలో ఏది కొనాలన్నా 21 నిండాలి. మన తెలంగాణలో కూడా 21 నిండనివాళ్లకు అమ్మకూడదు.

డాలస్ దగ్గర మా బంధువుల గ్యాస్ స్టేషన్‌లో (పెట్రోల్ బంకు, పక్కనే దుకాణం) ఆరేళ్లు కౌంటర్ చూశాను. టెక్సాస్‌లో 21 లోపు వాళ్ల డ్రైవింగ్ లైసెన్స్ నిలువుగా ఉంటుంది, పెద్దవాళ్లది అడ్డంగా. మన పిల్లలు కొత్తలో పాస్‌పోర్టే చూపిస్తారు. ఒక సెప్టెంబరు రాత్రి ఓ తెలుగబ్బాయి బీరు ప్యాక్ తెచ్చి పాస్‌పోర్ట్ ఇచ్చాడు. పుట్టిన తేదీ 05/11. అమెరికా వాళ్లు చదివితే మే 11, అంటే 21 నిండినట్టే. మన లెక్కలో నవంబరు 5, ఇంకా రెండు నెలలుంది. ‘మనవాళ్లేగా ఆంటీ’ అన్నాడు. ఇవ్వలేదు. మైనర్‌కి (అక్కడ మందు విషయంలో 21 నిండనివాళ్లంతా మైనర్లే) అమ్మితే అమ్మినవాళ్లకు ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా. అయినా ఆ రాత్రి నా భయం దాని గురించి కాదు. బయట కారు ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, లోపల ఇంకో ముగ్గురు పిల్లలున్నారు.

అమెరికాలో ఆ 21 వచ్చింది కూడా కారు వల్లే. 1971లో ఓటు వయసు 18కి తగ్గాక చాలా రాష్ట్రాలు మందు వయసూ తగ్గించాయి. పక్క రాష్ట్రంలో తక్కువ వయసుంటే పిల్లలు సరిహద్దు దాటి వెళ్లి తాగి, అర్ధరాత్రి కారు నడుపుకుంటూ వచ్చేవారు. ఎందరో ఇల్లు చేరలేదు. 1980లో కాలిఫోర్నియాలో తాగి నడిపినవాడి కారు కింద 13 ఏళ్ల కూతుర్ని పోగొట్టుకున్న క్యాండీ లైట్నర్ తల్లులతో ఒక సంఘం పెట్టింది. 1984లో అధ్యక్షుడు రీగన్ సంతకంతో చట్టమొచ్చింది. వయసు 21 చేయని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత. సౌత్ డకోటా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1987లో ఓడిపోయింది. 1988కల్లా అన్ని రాష్ట్రాలూ 21కి వచ్చేశాయి.

అమెరికాలో చాలాచోట్ల 16కే కారు తాళం చేతికొస్తుంది. జర్మనీలో ఒంటరిగా నడపాలంటే 18 రావాలి. పైగా 2007 నుంచి అక్కడ 21 లోపు డ్రైవర్లు చుక్క కూడా తాగి నడపకూడదు. మీ అక్క కొడుకుని అడగండి, చెబుతాడు. జపాన్ 2022లో మేజర్ వయసుని 18కి తగ్గించింది గానీ, మందు వయసు మాత్రం 20 దగ్గరే ఉంచింది.

మీవాడితో గట్టిగా చెప్పాల్సింది వీసా సంగతి. తాగి నడిపాడని అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేయొచ్చు. సీనియర్ ఐడీ అరువు తీసుకోవడం అసలే వద్దు. ఇంకొకటి, అక్కడికెళ్లే పిల్లల్లో చాలామందికి ఇది తెలియదు. పార్టీలో ఎవరైనా ఎక్కువ తాగి పడిపోతే, తాము కూడా దొరికిపోతామని పిల్లలు ఫోన్ చేయడానికి భయపడతారు. టెక్సాస్‌లో అలాంటప్పుడు 911కి ముందుగా ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా అక్కడే ఉండి సహకరించిన మైనర్ మీద తాగినందుకు కేసు పెట్టరు. విమానం ఎక్కే ముందు ఈ ఒక్క మాట మీరే చెప్పండి.