పాత టూరింగ్ సైకిలుకు మన ఊరి 28 అంగుళాల టైరు ఎందుకు నిలవదు

నమస్కారం అండి. 1970ల నాటి ఇంగ్లీషు టూరింగ్ సైకిలుకు శ్రీకాకుళంలో కొన్న కొత్త టైరు గాలి నింపగానే రిమ్ము మీది నుంచి జారిపోతున్నదని రాశారు. మీ వర్ణనను బట్టి దోషం రిమ్ముది కాదు, కొలతది.

మన రోడ్‌స్టర్ (మామూలు బరువు) సైకిళ్ల 28 × 1½ టైరుకు రిమ్ములో కూర్చునే లోపలి అంచు వ్యాసం 635 మిల్లీమీటర్లు కాగా, ఆ కాలపు టూరింగ్ సైకిళ్లకు ఎక్కువగా ఉండే 27 × 1¼ చక్రానికి అది 630 మాత్రమే కావడం వల్ల, ఆ 5 మిల్లీమీటర్ల వదులులోంచి ట్యూబు ఉబ్బి టైరును బయటికి నెట్టేస్తుంది. దయచేసి ఆ టైరుతో రోడ్డెక్కవద్దు.

పాత టైరు పక్కన 27 × 1¼ అని గాని, 32-630 అని గాని ఉందేమో చూసి, అదే అంకె ఉన్న టైరు తెప్పించుకోండి. ఇప్పటి సైకిళ్లకు వాడే 700సి కొలత టైరు సులువుగా దొరుకుతుంది గాని దాని లోపలి అంచు వ్యాసం 622, కనుక మీ రిమ్ముకు ఎక్కదు. చక్రాలే 700సివి వేయమని ఎవరైనా సలహా ఇస్తే, వాటి రిమ్ము చిన్నది కనుక బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి దిగగలవో లేదో ముందు కొలవాలి. నా మటుకు అసలు చక్రాలనే కాపాడుకోమంటాను, అటువంటివి మళ్లీ దొరకడం కష్టం.

కళింగపట్నం వైపు తిరుగుతున్నానన్నారు కదా, ఉప్పుగాలికి సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోకుండా ఏటా వానలకు ముందు బయటికి తీసి, తుడిచి, గ్రీజు రాయండి.