హెచ్‌ఎం ప్రమోషన్‌కు ముందు ఏ కోర్సు చేస్తే మంచిది? నా అనుభవం నుంచి జవాబు

మేడం, మీరు నర్సంపేట దగ్గర జెడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ టీచర్) అని, మూడు నాలుగేండ్లలో హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుల) ప్రమోషన్ రావచ్చని రాశారు. ఆలోపు ఎం.ఎడ్. చేయాలా, ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) డిప్లొమా సరిపోతుందా, టెక్సాస్‌లో మీ చెల్లెలు చేస్తున్నలాంటి ప్రిన్సిపల్ కోర్సు మన దగ్గర ఉందా, రేపు ఎంఈఓ (మండల విద్యాధికారి) బాధ్యత వస్తే ఇవి పనికొస్తాయా అని అడిగారు. నేను స్కూల్ అసిస్టెంట్‌గా ఉండగానే ఇగ్నో డిప్లొమా చేశాను. ఇప్పుడు పరకాల వైపు ఒక హైస్కూల్లో గెజిటెడ్ హెచ్‌ఎంను. నాకు తెలిసినంత వరకు చెప్తాను.

ముందు ప్రభుత్వ ఉద్యోగులు రాసే డిపార్ట్‌మెంటల్ టెస్టుల సంగతి. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్స్ పరీక్ష (పేపర్ కోడ్ 141), గెజిటెడ్ ఆఫీసర్ల పరీక్ష (పేపర్ కోడ్‌లు 88, 97). మీరు ఇంకా రాయలేదంటే మిగతా కోర్సులన్నీ పక్కన పెట్టి మొదలు ఇవి రాయండి. పుస్తకాలు చూసి రాసే పరీక్షలే, కానీ ఏ రూల్ ఏ పుస్తకంలో ఎక్కడుందో చేతికి అలవాటు కాకపోతే టైం చాలదు. ఫండమెంటల్ రూల్స్, ట్రెజరీ కోడ్, సెలవుల నిబంధనలు హెచ్‌ఎం అయిన మొదటి నెల నుంచే అవసరం పడతాయి. హైస్కూల్ హెచ్‌ఎం అంటే డీడీఓ (ప్రభుత్వ డబ్బు డ్రా చేసి చెల్లించే అధికారి) కూడా. స్టాఫ్ జీతాల బిల్లు మీ సంతకంతోనే పోతుంది. అయితే ఈ పరీక్షలు మీకు ఫైలు నడపడం నేర్పుతాయి, బడి నడపడం నేర్పవు. మీ ప్రశ్నలో అసలు విషయం అదే అనుకుంటున్నాను.

ఎం.ఎడ్. ఇప్పుడు రెండేండ్ల కోర్సు. 2015 నుంచి అట్లా మారింది. డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్ పోస్టు మీద ఆశ ఉంటే తప్పకుండా చేయండి, అక్కడ దానికి విలువ ఉంది. కేవలం మంచి హెచ్‌ఎం కావడానికైతే రెండేండ్లు సెలవు పెట్టి, జీతం, ఇంటి లెక్కలు తారుమారు చేసుకోవాల్సిన అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

ఇగ్నోలో పీజీ డిప్లొమా ఇన్ ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్ ఉంది. నాలుగు థియరీ పేపర్లు, ఒక ప్రాజెక్టు. ఉద్యోగం చేస్తూనే చదువుకోవచ్చు. చేరేముందు డిపార్ట్‌మెంట్ అనుమతి తీసుకుని ఆ కాగితం భద్రంగా పెట్టుకోండి, తర్వాత సర్వీస్ రిజిస్టర్‌లో ఎక్కించడానికి కావాలి. థియరీలో సంస్థల నిర్వహణ, సిబ్బంది మధ్య సంబంధాలు లాంటివి ఉంటాయి. చదివితే మంచిదే. నాకు నిజంగా పనికొచ్చింది మాత్రం ప్రాజెక్టు. చాలామంది పాత ప్రాజెక్టు ఒకటి తెచ్చుకుని పేర్లు మార్చి ఇచ్చేస్తారు. మీరు ఆ పని చేయకండి మేడం. మీ బడిలో మిమ్మల్ని రోజూ బాధపెట్టే సమస్య ఒకటి తీసుకోండి.

నేను తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లల గైర్హాజరు తీసుకున్నాను. వరంగల్ పల్లెల్లో ఎవరినడిగినా "పత్తి ఏరే కాలం కదా సార్, తర్వాత మిర్చి, పిల్లలు రారు" అంటారు. నేనూ అట్లనే అనుకునేవాణ్ని, స్టాఫంతా అదే అనేవాళ్లు. హాజరు రిజిస్టర్లు ముందేసుకుని నెలవారీగా, పిల్ల పిల్లకు రాసుకుంటూ పోతే వేరే సంగతి కనబడింది. మిర్చి కాలంలో మానేస్తున్న అమ్మాయిల్లో కూలికి పోతున్నవాళ్లు తక్కువ. తల్లిదండ్రులు పొద్దు పొడవకముందే ఆటోల్లో వేరే ఊళ్ల చేన్లకు పోతే, ఇంట్లో చిన్నపిల్లలను చూసుకోవడానికి ఆగిపోతున్నవాళ్లే ఎక్కువ. ఒక తల్లి నాతో అన్న మాట: "బిడ్డను పనికి తోలుకపోతలేను సార్, చిన్నోన్ని ఎవల కాడ ఇడిచిపెట్టాలె?"

సమస్య అదని తెలిశాక చేయాల్సిన పని మారిపోయింది. తల్లిదండ్రులకు చదువు విలువ గురించి ఉపన్యాసం ఇస్తే లాభం లేదు, వాళ్లకది తెలుసు. మేం అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడాం. అక్క బడికి వస్తూ తమ్ముణ్ని అక్కడ దింపి పోవడానికి, అంగన్‌వాడీ అయిపోయాక పక్కింటి ముసలమ్మ ఎవరైనా చూసుకోవడానికి తల్లులే ఏర్పాటు చేసుకున్నారు. పదో తరగతి స్పెషల్ క్లాసులను పొద్దున నుంచి సాయంత్రానికి జరిపాం. అందరూ రాలేదు. దూరం చేన్ల దగ్గరే నెలల తరబడి ఉండిపోయే కుటుంబాల పిల్లలను మేం ఆపలేకపోయాం, వాళ్లకు హాస్టల్ సీటే దారి. కానీ ఊళ్లో ఉండి మానేసినవాళ్లు చాలావరకు తిరిగొచ్చారు. రిజిస్టర్ చదవడం, ఇంటికి పోయి అడగడం, బడి బయటివాళ్లతో కలిసి ఒక చిన్న మార్పు తేవడం, ఈ మూడూ నేను ఆ ప్రాజెక్టు వల్లే నేర్చుకున్నాను. ములుగు, తాడ్వాయి వైపు పనిచేసేవాళ్లకు మేడారం జాతర జరిగే ఏడాది హాజరు లెక్క ఇంకో రకంగా ఉంటుంది. ఎవరి ఊరి క్యాలెండర్ వాళ్లు చదవాల్సిందే.

మీ చెల్లెలి కోర్సు గురించి. టెక్సాస్‌లో ప్రిన్సిపల్ సర్టిఫికెట్ రావాలంటే మాస్టర్స్ డిగ్రీ, రెండేండ్ల బోధన అనుభవం, గుర్తింపు పొందిన శిక్షణ, పరీక్షలతో పాటు 160 గంటల ప్రాక్టికం ఉండాలి. అంటే పనిచేస్తున్న బడిలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో హెచ్‌ఎం పనులు చేసి చూపించాలి. జిల్లా బడులన్నిటినీ నడిపే సూపరింటెండెంట్ కావాలంటే మళ్లీ వేరే సర్టిఫికెట్. మన దగ్గర ప్రమోషన్ సీనియారిటీ మీద వస్తుంది. శుక్రవారం దాకా ఎనిమిదో తరగతికి బీజగణితం చెప్పిన మనిషి సోమవారం కొత్త ఊళ్లో హెచ్‌ఎం కుర్చీలో కూర్చుంటారు. సీనియారిటీ వద్దని నేననను, పైరవీల కంటే అది వెయ్యి రెట్లు నయం. కానీ కుర్చీ ఎక్కకముందే ఒక మంచి హెచ్‌ఎం పక్కన కొన్ని నెలలు పనిచేసే ఏర్పాటు లేకపోవడం మాత్రం పిల్లలకు నష్టం. ఈ మాట నేను చుట్టుపక్కల బడులు కలిసే ప్రతి కాంప్లెక్స్ మీటింగ్‌లోనూ అంటూనే ఉన్నాను.

ఆ ఏర్పాటు ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా మీరే చేసుకోండి. మీ హెచ్‌ఎంను అడిగి కొన్ని పనులు మీద వేసుకోండి. యూడైస్ ప్లస్ (బడి వివరాల ప్రభుత్వ పోర్టల్) ఎంట్రీ, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా), అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశం, స్కూల్ గ్రాంట్ ఖర్చు. గ్రాంట్ తక్కువే. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయలు, అందులో కనీసం పదో వంతు పారిశుధ్యానికి. దాంతో చాక్‌పీసు నుంచి కరెంటు రిపేరు దాకా ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడమే పెద్ద పాఠం. క్యాష్ బుక్ ఎట్లా రాస్తారో పక్కన కూర్చుని చూడండి. హెచ్‌ఎం సెలవు పెట్టినప్పుడు ఇన్‌చార్జ్ ఇస్తే తప్పించుకోకండి.

అన్నిటికంటే కష్టమైనది తోటి టీచర్ పాఠం చూసి మాట్లాడడం. ఇది ఏ పుస్తకంలోనూ సరిగ్గా లేదు. నిన్నటిదాకా స్టాఫ్‌రూంలో కలిసి చాయ్ తాగిన మనిషి క్లాసులోకి మీరు ఫార్మాట్ పట్టుకుని పోతే ఆయన ముఖం మాడిపోతుంది. పిల్లల చదువు మెరుగుపరచే ప్రభుత్వ కార్యక్రమాలు తొలిమెట్టు, ఉన్నతి వచ్చాక పరిశీలన ఫారాలు పెరిగాయి, టిక్కులు పెట్టడం కూడా పెరిగింది. నేను ఒక పద్ధతి పాటిస్తాను. ముందురోజే "రేపు మీ మూడో పీరియడ్‌కు వస్తాను సార్, నేనేం చూడాలో మీరే చెప్పండి" అంటాను. "వెనక బెంచీలోళ్లకు అర్థమైతుందో లేదో చూడండి" అని ఆయనే చెప్తారు. క్లాసులో కూర్చుని టీచర్‌ను కాదు, ఆ వెనక బెంచీ పిల్లల నోటుబుక్కులు చూస్తాను. బయటికొచ్చాక బాగుంది, బాగలేదు అనను. ఫలానా నలుగురు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయారని చూపిస్తాను. అప్పుడు మాట పిల్లల మీదికి పోతుంది, మనసు నొచ్చుకోదు. మీరిప్పుడే మీ బడిలో ఇంకో గణితం టీచర్‌తో ఒకరి క్లాసు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టండి. హెచ్‌ఎం అయ్యాక కొత్తగా నేర్చుకుందామంటే అప్పటికి మధ్యలో హోదా అడ్డం నిలబడుతుంది.

మన దేశంలో దీనికోసమే పనిచేసే సంస్థ కూడా ఉంది. ఢిల్లీలోని నీపాలో (విద్యా ప్రణాళిక, పరిపాలన జాతీయ సంస్థ) 2012లో నేషనల్ సెంటర్ ఫర్ స్కూల్ లీడర్‌షిప్ పెట్టారు. వాళ్ల పాఠ్యప్రణాళికలో ఏడు అంశాలు ఉంటాయి. బోధన మెరుగుపరచడం, జట్టును నడిపించడం, సమాజంతో భాగస్వామ్యం లాంటివి. వాళ్ల ఆన్‌లైన్ ప్రోగ్రామ్ ఉచితం, ముందు అది చేసి చూడండి. 2020 జాతీయ విద్యావిధానం హెచ్‌ఎంలకు ఏటా 50 గంటలు, అంతకుమించి వృత్తిపరమైన శిక్షణ ఉండాలని చెప్పింది. ఆ గంటలు వీడియో పెట్టి వదిలేస్తే గడిచిపోతాయి. ఒక మాడ్యూల్ చదివి, మీ బడిలో ఒక్క పని చేసి చూస్తే మాత్రం నిలుస్తాయి.

ఎంఈఓ సంగతికొస్తే, మన దగ్గర ఏండ్ల తరబడి హెచ్‌ఎంలకే అదనపు బాధ్యతగా ఇస్తున్నారు. ఒక మనిషి తన హైస్కూలూ చూసుకోవాలి, మండలంలో బడులన్నీ తిరగాలి. దానికి కావాల్సింది ముఖ్యంగా మండలం లెక్కలు చదివే అలవాటు. ఏ బడిలో పిల్లలు తగ్గుతున్నారు, ఎక్కడ ఒక్క టీచరే ఉన్నారు, ఐదో తరగతి నుంచి ఆరుకు పోయేటప్పుడు ఎవరు జారిపోతున్నారు. జిల్లా స్థాయి అధికారులకు నీపాలోనే విద్యా ప్రణాళిక, పరిపాలనలో పీజీ డిప్లొమా ఉంది, రాష్ట్ర ప్రభుత్వాలు పంపిస్తాయి. మీకు ఆ దశ రావడానికి టైముంది, ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి.

హన్మకొండలో గోడల మీద కనబడే "నెలలో ప్రిన్సిపల్ డిప్లొమా" లాంటి వాటికి డబ్బు కట్టకండి. దూరవిద్య కోర్సు ఏదైనా యూజీసీ గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూశాకే అప్లికేషన్ పెట్టండి. ఇంకొకటి, ప్రమోషన్ కౌన్సెలింగ్‌కు పోయే ముందు ఖాళీల జాబితాలో ఏ బడికి జూనియర్ అసిస్టెంట్ ఉన్నారో కనుక్కోండి. క్లర్కు లేని బడిలో మొదటి ఏడాదంతా బిల్లులకే పోతుంది, క్లాసుల వైపు తొంగిచూసే తీరిక దొరకదు. ఇంటికి పది కిలోమీటర్లు దూరమైనా సరే, ఆఫీసు పని తెలిసిన మనిషి ఉన్న బడినే కోరుకోండి.