18వ శతాబ్దపు ఇంగ్లండ్ ఆడవాళ్ల పెట్టీకోటు కుట్టేదెలా?

1770ల నాటి పనిపాటల ఆడవాళ్లు పైకే వేసుకున్న పావడా ఇది. ఉన్నిగానీ నారగానీ తీసుకోండి. పాలియెస్టర్ కలిసిన బట్ట వద్దు. పూల అద్దకం నూలు కావాలంటే మీరు కుట్టేది ఏ సంవత్సరపు దుస్తో మొదట చూసుకోవాలి. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన కలంకారీ లాంటి బట్టలు వేసుకోవడాన్ని అక్కడ 1721 చట్టం నిషేధించింది, 1774లో సడలింపు వచ్చినా అది వాళ్ల దేశంలో తయారైన నూలుకే.

నడుము కొలత షిఫ్ట్ (లోపలి నార చొక్కా), దాని మీద స్టేస్ (ఒంటిని బిగించి పట్టే గట్టి లోదుస్తు) బిగించాకే తీయాలి. ఒక్కోటి 125 సెం.మీ. వెడల్పున రెండు పలకలు చాలు. పక్క కుట్లు వేసేటప్పుడు పైన 25 సెం.మీ. వదిలేయండి. జేబులు లోపల విడిగా నడుముకు కట్టుకుంటారు, చెయ్యి ఆ చీలికల్లోంచే వెళ్లాలి. ఒక్కో పలకనూ కుచ్చిళ్లతో సగం నడుముకు తెచ్చి, వేరువేరు నాడాలు కుట్టండి. మొదట వెనక పలక నాడా బొడ్డు దగ్గర ముడేసి, తర్వాత ముందు పలకది వెనక్కి తిప్పి కట్టుకోవాలి.

చాలామంది చెడగొట్టేది పొడవు దగ్గరే. తుంటి దిండు (పావడా ఉబ్బెత్తుగా నిలవడానికి లోపల నడుముకు కట్టేది) కట్టగానే వెనక అంచు పైకి లేస్తుంది. దాన్ని సరిచేయడానికి కింద కత్తిరిస్తే అంచు ఏటవాలై సాగిపోతుంది. అంచు తిన్నగా ముందే మడిచి కుట్టేసి, హెచ్చుతగ్గులు నడుము దగ్గర మడతలో సర్దండి.