ట్యాబ్ ముందా, టీచర్ ముందా?

ప్రశ్న: మాస్టారూ, నేను బీఎడ్ చదువుతున్నాను. వర్ధమాన దేశాలు బడిపిల్లలందరికీ ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు ఇచ్చేస్తే టెక్నాలజీలో త్వరగా ఎదుగుతాయని మా క్లాసులో చాలామంది అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

జవాబు: నీ అనుమానం సరైనదేనమ్మా. పెరూ ఈ పని చేసి చూసింది. 2008 నుంచి అక్కడి ప్రభుత్వం లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాప్‌లు బడులకు పంపింది. 319 పల్లెటూరి బడుల్లో పిల్లల్ని పరీక్షించిన పరిశోధకులు 2012లో ఫలితాలు ప్రకటించారు. పిల్లలు కంప్యూటర్ వాడటం నేర్చుకున్నారు, ఆలోచనాశక్తి పరీక్షల్లో కూడా కాస్త మెరుగయ్యారు. లెక్కల్లో, భాషలో మాత్రం ల్యాప్‌టాప్ అందిన బడికీ అందని బడికీ తేడా కనబడలేదు. ఆ బడుల్లో చాలావాటికి ఇంటర్నెట్ లేదు. ల్యాప్‌టాప్‌తో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పించింది కూడా చాలా తక్కువ.

నేను సర్వీసులో ఉండగా సైన్స్ సామాను ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోవడం చూశాను. పగిలితే ఎవరు కట్టాలన్న భయం. అందుకు నేను టీచర్లను తప్పుపట్టను. వస్తువు ఇచ్చినవాళ్లే రిపేరు ఖర్చు కూడా భరించాలి కదా!

మరి దక్షిణ కొరియా ఎలా ఎదిగిందని అడుగుతావేమో. 1945లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ అత్యధికులు నిరక్షరాస్యులు. ఐదేళ్లకే యుద్ధం. అయినా 1950ల చివరికి బడి ఈడు పిల్లల్లో దాదాపు అందరినీ ప్రాథమిక బడిలో చేర్చగలిగారు. 1966లో శాస్త్ర సాంకేతిక పరిశోధన సంస్థ పెట్టి, విదేశాల్లో స్థిరపడిన తమ శాస్త్రవేత్తలను మంచి జీతాలిచ్చి వెనక్కి పిలిచారు. 1969 నుంచి మిడిల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎత్తేయడం మొదలుపెట్టారు. 1970ల్లో ఉక్కు, ఓడల పరిశ్రమలకు చేతిపని తెలిసినవాళ్లు కావాల్సి వచ్చినప్పుడు టెక్నికల్ హైస్కూళ్ల మీద దృష్టి పెట్టారు. పైస్థాయి పరిశోధనకు ముందే కింద బడి ఉంది. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ వరసే.

పరికరాలు దండగని నేననను. ఉరుగ్వే కూడా 2007 నుంచి ల్యాప్‌టాప్‌లు పంచింది. అయితే అక్కడితో ఆగలేదు. ఇంగ్లిష్ టీచర్లు దొరకని బడుల్లో వారానికొక పాఠం దూరంగా ఉన్న టీచర్ వీడియోలో చెబుతారు. మిగతా పాఠాలు ఆ క్లాసు టీచరే, తనూ నేర్చుకుంటూ, చెబుతారు. తెర మీద ఒకరు, పిల్లల పక్కన ఒకరు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

మీ క్లాసులో మళ్లీ ఈ మాట వస్తే వాళ్లను మూడు విషయాలు అడుగు. ఆ పథకంలో టీచర్ల శిక్షణకు ఎంత డబ్బు పెట్టారు? పాడైన పరికరాన్ని ఎవరు, ఎన్నాళ్లలో బాగుచేస్తారు? ఏ పాఠం కోసం దాన్ని ఇస్తున్నారు?