‘చచ్చాడు’ అనొచ్చా, ‘కన్నుమూశారు’ అనే తీరాలా?

సందేహం: మా ఊరి వాట్సాప్ గ్రూప్‌లో ఒక నాయకుడి మరణవార్త వచ్చింది. ఆయన వల్ల బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, ఆయన వల్ల గోస పడ్డ కుటుంబాలూ మా మండలంలో ఉన్నాయి. ఒకరు ‘చచ్చాడు’ అని పెట్టారు. ఇంకొకరు ‘మహానేత పరమపదించారు’ అన్నారు. నేను ‘మరణించాడు’ అని రాస్తే ఇద్దరూ నా మీదికే వచ్చారు. పోయినవాళ్లను గౌరవించి తీరాలన్న నియమం భాషలో ఉందా? ఇలాంటివారి గురించి ఏ మాట వాడాలి? అట్లాగే ఫ్లెక్సీల మీద ‘అశృనివాళి’ అని కొందరు, ‘అశ్రునివాళి’ అని కొందరు రాస్తున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ‘మరణించాడు’లో భాషాదోషం ఏమీ లేదు. ఆ ‘డు’ గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, దాని దగ్గరికి వస్తాను.

తెలుగులో చావును చెప్పే క్రియలకు కొదవ లేదు. కానీ అన్నీ ఒకే పని చెయ్యవు. కొన్ని జరిగిందేమిటో చెప్పి ఊరుకుంటాయి. కొన్ని పోయిన మనిషిని ఒక పీట మీద కూర్చోబెడతాయి. ‘చనిపోయు’లో ఉన్న ‘చను’కు వెళ్లడమనే అర్థం. అంటే ‘చనిపోయాడు’ అన్నప్పుడు వెళ్లిపోయాడనే అంటున్నాం, మంచివాడనీ చెడ్డవాడనీ అనడం లేదు. ‘మరణించు’ కూడా అంతే. ‘కన్నుమూశారు’, ‘తుదిశ్వాస విడిచారు’ అనేవి అదే సంగతిని కాస్త మెత్తగా చెబుతాయి. ఎంత చెడ్డవాడైనా చివరికి కన్ను మూయాల్సిందే కాబట్టి వీటిలో పొగడ్త ఏమీ లేదు.

‘పరమపదించారు’, ‘శివైక్యం చెందారు’, ‘స్వర్గస్థులయ్యారు’ అన్నప్పుడు మాత్రం సంగతి మారుతుంది. మనిషి పోయాడని చెప్పడంతో ఆగకుండా ఎక్కడికి పోయాడో కూడా చెబుతున్నాం. క్రైస్తవుల ఇళ్లలో ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. ఇవన్నీ నమ్మకంలోంచి వచ్చిన మాటలు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన సంగతి మనకు తెలిసింది దాని వల్లనే. వాళ్లు శివలోకం చేరారనీ, వాళ్ల పుణ్యం కోసం భూమిని దానం చేస్తున్నామనీ అందులో ఉంది. ఆమె మనుషులు వేయించారు కాబట్టి ఆ మాట వచ్చింది. అదే ఆమె శత్రువులు వేయించి ఉంటే శివలోకం ఊసే ఉండేది కాదు. మీ గ్రూప్‌లో ‘పరమపదించారు’ అన్నవారు ఆయన అభిమానిగా అన్నారు. అది వారి హక్కు. మీరూ అదే అనాలని పట్టుబట్టే హక్కు మాత్రం వారికి లేదు.

మన ఉత్తర తెలంగాణలో ఈ తకరారు మరీ పదునుగా కనిపించేది ‘అమరుడు’, ‘హతం’ అనే మాటల మధ్య. 2011 నవంబర్ 24న మావోయిస్టు నాయకుడు మల్లోజుల కోటేశ్వరరావు, అదే కిషన్‌జీ, పశ్చిమ బెంగాల్ అడవుల్లో కాల్పుల్లో చనిపోయాడు. మృతదేహాన్ని సొంతూరు పెద్దపల్లికి తెచ్చారు, అంత్యక్రియలకు జనం పెద్ద ఎత్తున వచ్చారు. ఇట్లాంటి చావు జరిగిన ప్రతిసారీ ఒక పక్క ‘అమరుడు’ అంటుంది, ఇంకో పక్క ‘హతం’ అంటుంది. రెండూ తీర్పులే. ‘హతుడు’ అంటే చంపబడినవాడనే నిఘంటువు చెబుతుంది. కానీ వార్తల శీర్షికల్లో ఆ మాటకు ‘పీడ విరగడైంది’ అన్న ధ్వని అంటుకుంది. ఏ పక్షానా నిలబడకుండా రాయాలనుకునేవారికి ‘కాల్పుల్లో చనిపోయారు’ అన్న మాట చాలు.

ఇక ‘చచ్చాడు’. చచ్చు అచ్చమైన తెలుగు ధాతువు, పాత కావ్యాల్లో ఏ నీచార్థమూ లేకుండా వాడుకలో ఉన్నదే. మన పల్లెల్లో ఇప్పటికీ తిట్టు కాదు. ‘మా నాయిన నిరుడు సచ్చిపోయిండు’ అని కన్నకొడుకే అంటాడు. ‘పెద్దసారు అచ్చిండు’ అనే చోట ‘ఇండు’ ప్రత్యయం అగౌరవం ఎట్లా కాదో, ‘సచ్చిపోయిండు’లోనూ అంతే. ఆ మాటకు కావలసిన మర్యాద గొంతులో ఉంటుంది. వాట్సాప్‌లో రాసే అక్షరానికి ఆ గొంతు ఉండదు. పైగా ‘చచ్చిపోయాడు’లోని ‘పోవు’ తీసేసి బోడిగా ‘చచ్చాడు’ అని రాస్తే, చదివేవారికి తిట్టుగానే వినబడుతుంది. రాసినవారి ఉద్దేశమూ చాలాసార్లు అదే.

ఇప్పుడు ‘డు’ సంగతి. ఒక మనిషి గురించి నిన్న ఏ ప్రత్యయం వాడామో ఇవాళ కూడా అదే వాడాలి, చావు దాన్ని మార్చకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. మొన్నటిదాకా ‘వచ్చారు, ప్రారంభించారు, అన్నారు’ అని రాసిన నాయకుడిని ఇవాళ ‘మరణించాడు’ అంటే, ఎదిరించి మాట్లాడలేని మనిషి దగ్గర ఒక మెట్టు లాక్కున్నట్టే. నిన్నటిదాకా ‘అరెస్టయ్యాడు, తప్పించుకున్నాడు’ అని రాసిన మనిషికి ఇవాళ హఠాత్తుగా ‘వారు తుదిశ్వాస విడిచారు’ అంటే, అతని చేతిలో దెబ్బతిన్నవాళ్ల ముఖం మీద తలుపు వేసినట్టే. మీ సంగతికి వస్తే, ఆ నాయకుడు బతికుండగా మీ గ్రూప్‌లో ఆయన్ను ‘చేశారు’ అనే రాసేవారైతే, ‘మరణించారు’ అన్నదే పొందిక. గౌరవం ఎక్కువవుతుందేమోనని భయపడకండి. ఆ బహువచనం ఆయనకు బతికుండగా ఉన్నదే.

పోయినవాళ్లను గౌరవించి తీరాలా అన్న ప్రశ్న వ్యాకరణం తేల్చేది కాదు. అయినా భాషలో సాక్ష్యాలు ఉన్నాయి. ‘చచ్చినవాని కండ్లు చారెడు’ అనే సామెత అందరికీ తెలిసిందే. బతికున్నప్పుడు మామూలుగా ఉన్న కళ్లు పోయాక చారెడేసి అవుతాయట. పోయిన మనిషిని ఉన్నదానికన్నా పెంచి చెప్పడం మనవాళ్లు ఎప్పుడో గమనించారు, దాన్ని మెచ్చుకోలేదు కూడా.

రామాయణం యుద్ధకాండలో రావణుడు పడిపోయాక అంత్యక్రియలు చెయ్యడానికి విభీషణుడు వెనుకాడతాడు. క్రూరుడు, ధర్మం తప్పినవాడు, ఇతనికి నేనెట్లా సంస్కారం చేస్తానంటాడు. అప్పుడు రాముడు ‘మరణాంతాని వైరాణి’ అంటాడు. వైరాలు చావుతో ముగిసిపోతాయి, సంస్కారం జరిపించు, నీకు ఎంతో నాకూ అంతే అంటాడు. చనిపోయినవారిని ఏమీ అనకూడదని వాదించేవారు ఈ మాటనే ఎత్తుకుంటారు. రాముడు ముగిసిందన్నది వైరం. రావణుడు చేసిందంతా మంచేనని ఆయన అనలేదు. అంతకుముందే, అదే శవం పక్కన కూర్చుని, కట్టుకున్న భార్య మండోదరి ఏమన్నదో చూడండి. వెనుకట తపస్సులో ఇంద్రియాలను గెలిచి మూడు లోకాలనూ గెలిచావు, ఆ పగను మరిచిపోనట్టు ఆ ఇంద్రియాలే నిన్ను ఓడించాయి అని ఏడుస్తుంది. ఆమె మాటలో ప్రేమ ఉంది, నిజమూ ఉంది. శవం ముందు నిజం చెప్పడం తప్పని అక్కడ ఎవరూ ఆమెను ఆపలేదు.

మన ఊళ్లలో ఆడవాళ్లు పెట్టే శోకాలు విన్నవారికి ఇది కొత్త కాదు. పరకాల దిక్కునో, ములుగు దిక్కునో ఏ సావింటికైనా పోండి. శవం తలాపున కూర్చున్న భార్య ‘ఓ నా రాజా’ అని మొదలుపెడుతుంది. ఉన్న ఎకరం అమ్మితివి గదనే, తాగి తాగి పాణం మీదికి దెచ్చుకుంటివి గదనే, నన్ను ఎవలకు అప్పజెప్పి పోతివి అని రాగం తీస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు కండ్లు తుడుచుకుంటారు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదని వాళ్లకు తెలుసు. అదే జనం పగవాడి సావుకైనా పోయి రావాలంటారు, పెండ్లికి పోకున్నా సావుకు పోవాలంటారు. పోవడం మర్యాద. ఆ మర్యాద కోసం మనిషి చరిత్రను మార్చి చెప్పమని ఏ ఊరూ అడగలేదు.

పీవీ నరసింహారావు విషయమే చూడండి. లక్నేపల్లిలో పుట్టి, హనుమకొండ నుంచి 1977లో, 1980లో లోక్‌సభకు గెలిచి, 1984లో అక్కడే ఓడిన మనిషి. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో కన్నుమూశారు. దేశాన్ని ఐదేళ్లు ఏలిన ప్రధాని పార్థివదేహాన్ని సొంత పార్టీ ప్రధాన కార్యాలయంలోకి తీసుకెళ్లలేదు. ఆయన పాలన మీద ఎవరికి ఎంత కోపమైనా ఉండవచ్చు, ఆ చివరి మర్యాద తగ్గించడం తప్పు అని నేను నమ్ముతాను. 2024లో భారతరత్న వచ్చింది. ఇప్పుడు కొందరు రాసే జీవితచరిత్రల్లో 1991 సంస్కరణలు పేజీలకు పేజీలు ఉంటాయి, 1992 డిసెంబర్ 6 ఒక్క వాక్యంలోకి కుదించుకుపోతుంది. అదీ తప్పే. ‘కన్నుమూశారు’ అని రాసిన కలమే బాబ్రీ మసీదు కూలిన రోజు గురించీ రాయాలి.

అందరినీ ఒకే మర్యాద అడగకూడదన్న మాటా చెప్పాలి. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపాయి. ఇప్పుడు అక్కడ అమరధామం ఉంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న మరణిస్తే హైదరాబాద్‌లో జనం తండోపతండాలుగా వచ్చి కన్నీళ్లు పెట్టారు. ఆయన పేరు మీద ఆసుపత్రి ఉంది, యూనివర్సిటీ ఉంది, ఆ కన్నీళ్లు ఉత్తవి కావు. కానీ ఆ రోజు పరకాలలో అన్ననో కొడుకునో పోగొట్టుకున్న తల్లి ‘సచ్చిండు’ అని ఉంటే, ఆమె భాషను దిద్దే అర్హత నాకు లేదు, మరెవరికీ లేదు. పత్రికకు, ప్రభుత్వ ప్రకటనకు, నలుగురి తరఫున రాసే మీలాంటివారికి మర్యాద బాధ్యత అవుతుంది. దెబ్బతిన్నవారిని ఆ బాధ్యత మోయమనడం అన్యాయం.

మీలాంటి సందిగ్ధంలో ఉన్నవారికి పనికొచ్చే తేడా ఇంకొకటి ఉంది. ‘సానుభూతి’, ‘సంతాపం’, ‘నివాళి’ మూడూ ఒకటి కాదు. సానుభూతి బతికున్న కుటుంబానికి చెప్పేది. సంతాపం మన దుఃఖం, ఉంటేనే ప్రకటించాలి. నివాళి అంటే అసలు అర్థం నీరాజనం, హారతి. అది పూజతో సమానం, పోయిన మనిషి అందుకు తగినవాడని మనం నమ్మితేనే ఇవ్వాలి. ‘ఘన నివాళి’, ‘తీరని లోటు’ అన్న మాటలు అలవాటుగా అతికించడం వల్లనే ఇన్ని గొడవలు వస్తున్నాయి. ‘తీరని లోటు’ అంటే ఈ మనిషి లేకపోవడం వల్ల ఊరికి పూడని నష్టం జరిగిందని మీరు సంతకం చేసి చెప్పినట్టు. నిజమైతే చెప్పండి, కాకపోతే వదిలేయండి. మీ గ్రూప్‌లో ‘ఫలానా వారు ఈ ఉదయం మరణించారు. కుటుంబ సభ్యులకు నా సానుభూతి’ అని రాస్తే సరిపోతుంది. ఆయన చేసిన మంచిచెడ్డల చర్చ వేరే రోజు, పేర్లతో, తేదీలతో, ఆధారాలతో పెట్టుకోవచ్చు. దానికి దినాలు అయ్యేదాకా ఆగాలన్న నిబంధన కూడా ఏమీ లేదు, కాకపోతే శవం ఇంట్లో ఉన్న పూట ఆ ఇంటి పిల్లలు కూడా ఫోన్ చూస్తారని గుర్తుపెట్టుకోండి.

చివరి సందేహం: ‘అశ్రునివాళి’ సరైనది. అశ్రువు అంటే కన్నీరు, అందులో ఉన్నది ర వత్తు, దానికి ఉకారం. ‘అశృ’ అన్న మాట లేదు. ‘స్వర్గస్తులు’ కూడా తప్పే, ‘స్వర్గస్థులు’ అని థ వత్తుతో రాయాలి. ‘శ్రద్ధాంజలి’లో ద కింద ధ వత్తు ఉండాలి. ఫ్లెక్సీ ప్రింటుకు పోయేముందు ఈ మూడూ ఒకసారి చూసుకోమని షాపువాళ్లకు చెప్పండి.