డాక్టర్ సలహా: రిపోర్టులో ‘మెదడు మెత్తబడింది’ అని ఉంది, మా ఆయనకి మతిమరుపు తగ్గుతాదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా ఆయనకి 37 ఏళ్ళు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తారు. ఆరు నెలల కిందట రాత్రి డ్యూటీ నుంచి వస్తుంటే హైవే మీద బైక్ స్కిడ్ అయ్యి పడిపోయారు, హెల్మెట్ లేదు. వైజాగ్ తీసుకెళ్ళాం, ఆపరేషన్ అక్కర్లేదన్నారు, రెండో రోజు ఒకసారి ఫిట్స్ వచ్చింది, పన్నెండు రోజులకి ఇంటికి పంపించారు. ఇప్పుడు బాగానే నడుస్తున్నారు, తింటున్నారు, పాత సంగతులన్నీ చెప్తారు గానీ పొద్దున్న చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు, అడిగిందే అడుగుతారు, ఊరికే కోపం, వాసన కూడా తెలియట్లేదు. మొన్న ఎమ్మారై తీయిస్తే ఎడమ టెంపోరల్ లోబ్‌లో ఎన్‌సెఫలోమలేషియా, గ్లియోసిస్, ఎస్‌డబ్ల్యూఐలో బ్లూమింగ్ అని రాశారు. నెట్‌లో చూస్తే మెదడు మెత్తబడిపోవడం అని ఉంది, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మా అత్తయ్యేమో "ఆపరేషనే అక్కర్లేదన్నారు కదా, ఏటీ నాటకాలు" అంటారు. ఫిట్స్ మాత్రలు, జ్ఞాపకశక్తి మాత్రలు వాడుతున్నాం. ఇది తగ్గుతాదా, మళ్ళీ స్కాన్ తీయించాలా, ఉద్యోగానికి పంపించొచ్చా?
– ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ ఆయన నాటకాలాడట్లేదు, ఈ మాట మీ అత్తగారికి చదివి వినిపించండి. అలాగని మీరు నెట్‌లో చదివి భయపడుతున్నట్టు మెదడంతా మెత్తబడి కరిగిపోనూ లేదు. దెబ్బ ఎక్కడ తగిలింది, రక్తం ఉందా, ఎముక చిట్లిందా, కోసి తియ్యాల్సిందేమైనా ఉందా, స్కాన్ చెప్పేది ఇంతవరకే. మనిషికి ఎంత గుర్తుంటుంది, రేపు తన పని తాను చేసుకోగలడా అన్నది ఫిల్మ్ మీద ఉండదు. స్కాన్ నార్మల్ అని రాసున్నా ఏటీఎం పిన్ను గుర్తురాక నా ముందు కూర్చుని ఏడ్చేవాళ్ళుంటారు, రిపోర్టు రెండు పేజీలున్నా దర్జాగా కిరాణా కొట్టు నడుపుకునేవాళ్ళూ ఉంటారు. రిపోర్టు చివర్లో "క్లినికల్ కోరిలేషన్" అని ఒక ముక్క ఉంటుంది చూడండి, కాగితం చూసి తేల్చేయకండి, మనిషిని చూడండి అని రేడియాలజిస్టే చెప్తున్న మాట అది, కానీ దాన్ని ఎవరూ చదవరు.

మొదటి రోజు తీసింది సీటీ స్కాన్ అయ్యుంటుంది. నిమిషాల్లో అయిపోద్ది, కొత్త రక్తం తెల్లగా కనబడుతుంది, పుర్రె ఎముక చిట్లినా తెలుస్తుంది, అందుకే యాక్సిడెంట్ కేసుకి ఎక్కడికెళ్ళినా ముందు అదే తీస్తారు. ఆపరేషన్ అక్కర్లేదు అన్నారంటే లోపల రక్తం గడ్డ పెద్దది కాదు, మెదడుని పక్కకి నెట్టేయట్లేదు అని మాత్రమే అర్థం, దెబ్బే లేదని కాదు. బైక్ మీద నుంచి పడినప్పుడు తల గిర్రున తిరిగి ఆగుతుంది కదా, ఆ ఊపుకి లోపల ఒక చోట నుంచి ఇంకో చోటికి సమాచారం మోసే సన్నటి నరాల పోగులు సాగిపోతాయి, కొన్ని తెగిపోతాయి కూడా. ఇవి సీటీలో చాలాసార్లు కనబడనే కనబడవు. మీ అత్తగారికి అనుమానం వచ్చింది ఇక్కడే, పాపం ఆవిడ తప్పేం లేదు, ఆ రోజు ఎవరో ఒకరు ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పాల్సింది.

ఇక ఎమ్మారైలో ఆ పెద్ద పెద్ద మాటలు. మోకాలికి దెబ్బ తగిలి మానాక మచ్చ ఉండిపోద్ది చూశారా, గ్లియోసిస్ అంటే అలాంటి మచ్చే, మెదడులో పడింది అంతే. ఎన్‌సెఫలోమలేషియా అంటే నలిగిపోయిన ఆ చిన్న ముక్కలో చచ్చిపోయిన కణాలని శరీరమే నెమ్మదిగా శుభ్రం చేసేసుకుంటే మిగిలిన ఖాళీ, అందులో నీరు చేరుతుంది. ఆ ఒక్క చోటే, మెదడంతా కాదు, పైగా అది పాకిపోయే జబ్బు కూడా కాదు. ఎస్‌డబ్ల్యూఐ అనేది పాత రక్తం ఆనవాళ్ళు పట్టుకునే ఫోటో, రక్తం ఆరిపోయాక మిగిలిన ఇనుము మరకలు అందులో నల్లటి చుక్కల్లా, అసలు సైజు కంటే పెద్దగా కనబడతాయి, బ్లూమింగ్ అన్నది దాన్నే. నెలలు కాదు, ఏళ్ళ తరబడి ఆ మరకలు అలాగే ఉంటాయి. "డాక్టర్ గారూ ఇంకా లోపల రక్తం కారుతుందంట" అని కంగారుగా వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, కారట్లేదమ్మా, అది ఎప్పుడో అయిపోయిన సంగతి.

మరి దెబ్బ టెంపోరల్ లోబ్‌కే ఎందుకు తగిలిందంటే, పుర్రె అడుగు భాగం లోపలివైపు నున్నగా ఉండదు, ఎముక గట్లు గట్లుగా ఉంటుంది. తల అదిరినప్పుడు నుదురు వెనకుండే ఫ్రంటల్ లోబ్, చెవుల దగ్గరుండే టెంపోరల్ లోబ్ ఆ గట్లకే రాసుకుని నలుగుతాయి. టెంపోరల్ లోబ్ లోపలి అంచులో హిప్పోకాంపస్ అని చిన్న భాగం ఉంది, ఈ రోజు జరిగింది రేపటికి గుర్తుండేలా దాచేది అదే. ఎక్కువమందిలో ఎడమ వైపుది మాటల్ని దాస్తుంది, అంటే చెప్పిన విషయాలు, పేర్లు, లెక్కలు. మీరు రాసింది సరిగ్గా అదే కదా, పొద్దున్న చెప్పింది మధ్యాహ్నానికి ఉండట్లేదని. పెళ్ళి సంగతులు, చిన్నప్పటి సంగతులు ఎప్పుడో దాచేసినవి కాబట్టి అవి అలాగే ఉన్నాయి. చేతి పని గుర్తు వేరే చోట ఉంటుంది, నన్నడిగితే ఆయన ముందు జీడిపప్పు పోస్తే డబ్ల్యూ 240 గ్రేడు ఏది, డబ్ల్యూ 320 గ్రేడు ఏది అని కంటితో చూసి ఇప్పటికీ వేరు చేసేస్తారు, ఇందాక ఎన్ని టిన్నులు ప్యాక్ చేయించారో మాత్రం చెప్పలేరు. ఈ రెండూ చూసినవాళ్ళకి నాటకంలాగే ఉంటుంది, కాదు.

యాక్సిడెంట్ ఎలా అయింది, ఆసుపత్రిలో ఏం జరిగింది అని మాత్రం గుచ్చి గుచ్చి అడగకండి. ఆ రోజుల్లో మెదడు ఏదీ దాచుకోలేదు, లేనిది ఎక్కడ్నుంచి వస్తుంది. కానీ ఒకటి మీరు గుర్తు తెచ్చుకుని రాసి పెట్టండి, పడిన రోజు నుంచి లెక్కేస్తే, నిన్న ఎవరొచ్చారో ఏం తిన్నారో ఆయన సరిగ్గా చెప్పడం ఏ రోజు నుంచి మొదలెట్టారు? ఆ మధ్యలో ఎన్ని రోజులు పోయాయన్నది మాకు స్కాన్ కంటే ఎక్కువ చెప్తుంది. ఒక రోజు లోపైతే ఒక రకం, వారం దాటితే ఇంకో రకం. డిశ్చార్జ్ కాగితంలో స్పృహ ఎంత ఉందో చెప్పే జీసీఎస్ అని ఒక నంబర్ ఉంటుంది, 15కి ఎంత అని, చేరేసరికి 13 నుంచి 15 ఉంటే తేలికపాటి దెబ్బ, 9 నుంచి 12 అయితే మధ్యరకం, 8 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే గట్టి దెబ్బ. రెండూ కలిపి చూస్తేనే మనకి ఒక అంచనా వస్తుంది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చెయ్యండి, ఎవరూ లేనప్పుడు, ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు. మూడు మాటలు చెప్పండి, చింతపండు, గొడుగు, బస్సు అనుకుందాం, ఆయన చేత ఒకసారి అనిపించండి, పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి అప్పుడు అడగండి. రాకపోతే తిట్టకుండా "ఒకటి వంటింట్లో ఉండేది" అని చిన్న క్లూ ఇవ్వండి. క్లూ ఇవ్వగానే టక్కున వస్తే విషయం లోపలికి వెళ్ళింది, బయటికి తియ్యడమే కష్టమవుతుందని అర్థం. క్లూ ఇచ్చినా, "చింతపండా, బెల్లమా" అని రెండు పేర్లు చెప్పినా తేల్చుకోలేకపోతే అసలు దాచుకోవడమే తక్కువగా ఉందని. దీన్నిబట్టి మీరు ఏదీ తేల్చేయకండి, అసలైన టెస్టు క్లినికల్ సైకాలజిస్టు గంటో గంటన్నరో కూర్చోబెట్టి తెలుగులోనే చేస్తారు, ఇది వెళ్ళినప్పుడు వాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, మతిమరుపంతా దెబ్బ వల్లే అనుకోకండి, పైన ఇంకొన్ని చేరతాయి, అవి మనం తియ్యగలిగినవి. మీరు మాత్ర పేరు రాయలేదు గానీ ఈ మధ్య ఫిట్స్‌కి ఎక్కువగా ఇచ్చేది లెవెటిరాసెటమ్, అది కొందరికి కోపం, చిరాకు తెప్పిస్తుంది, ఫెనిటాయిన్ అయితే మత్తుగా ఉంటుంది, నడక తూలుతుంది. ఆయన కోపంలో మాత్ర వాటా ఎంత, దెబ్బ వాటా ఎంత అన్నది డాక్టర్ చూడాలి, కావాలంటే మందు మారుస్తారు. మొదటి వారంలో ఒక్కసారి వచ్చిన ఫిట్స్‌కి చాలామందికి మందు ఏళ్ళ తరబడి అక్కర్లేదు కూడా, అది అడగండి. కానీ ఇది చదివేసి రేపట్నుంచి మీ అంతట మీరు ఆపేస్తే మాత్రం ఒప్పుకోను, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చి మళ్ళీ పడి మళ్ళీ తలకే తగులుతుంది. నైట్ డ్యూటీ అలవాటున్న మనిషి కాబట్టి నిద్ర ఎలా ఉందో చూడండి, పగలు పడుకుని రాత్రి తిరుగుతుంటే ఎవరికీ ఏదీ గుర్తుండదు. తాగుడు అలవాటుందో లేదో మీరు రాయలేదు, ఉంటే పూర్తిగా మానాలి, ఆదివారం ఒక్క క్వార్టరే కదా అనే బేరం ఇక్కడ కుదరదు, దెబ్బ తిన్న మెదడు ముందున్నంత తట్టుకోదు, ఫిట్స్ కూడా పిలిచి తెచ్చుకున్నట్టే. థైరాయిడ్, బి12, సోడియం రక్తపరీక్షలు ఒకసారి చేయించండి, ఖర్చు తక్కువ. మనిషి దిగాలుగా, ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటే అది డిప్రెషన్ అయ్యుండొచ్చు, తలదెబ్బ తర్వాత చాలా మామూలు, మందు పనిచేస్తుంది.

జ్ఞాపకశక్తి మాత్రల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన దగ్గర ఎక్కువగా రాసేది సిటికోలిన్. అమెరికాలో 1213 మంది తలదెబ్బ పేషెంట్లలో కొందరికి అది, కొందరికి ఉత్తుత్తి మాత్ర 90 రోజులు ఇచ్చి చూశారు, 2012లో ఫలితం వచ్చింది, రెండు గుంపులకీ తేడా లేదు. వాడితే ప్రమాదం అనట్లేదు, కానీ నెలకి అంత డబ్బు దాని మీద పెట్టే బదులు ఆ డబ్బుతో నెలకి రెండుసార్లు సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళొస్తే ఎక్కువ మేలు అని నేనంటాను. మీ డాక్టర్‌ని అడిగి నిర్ణయించుకోండి.

పనికొచ్చేది ఏంటంటే ఒక జేబు పుస్తకం, ఒక్కటే, నాలుగు కాదు. ఈ రోజు తేదీ, చెయ్యాల్సినవి, ఎవరొచ్చారు, ఎవరికి ఎంత ఇచ్చారు, అన్నీ అందులోనే, చొక్కా జేబులోనే ఉండాలి. మాత్రలకి ఫోన్‌లో అలారం. తాళాలు, కళ్ళజోడు, ఫోన్ ఎప్పుడూ ఒకే చోట. ఒక పని అయ్యాకే రెండోది చెప్పండి, టీవీ మోగుతుండగా అసలు చెప్పకండి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు "ఈయనెవరో చెప్పు చూద్దాం" అనే పరీక్షలు ఆపేయండి, అది ఆయనకి అవమానం, పైగా గుర్తులేనప్పుడు తోచింది ఏదో అంటారు, ఆ తప్పే మనసులో పాతుకుపోద్ది. మీరే ముందు చెప్పేయండి, "రాజాం బాబాయి వచ్చాడు" అని. అడిగిందే అడిగితే పుస్తకం చూడమని చెయ్యి చూపించండి, మీకూ ఓపిక మిగులుతుంది.

తగ్గుతాదా అన్నారు. మొదటి ఆరు నెలలు వేగంగా, ఆ తర్వాత రెండేళ్ళ దాకా నెమ్మదిగా మార్పు వస్తూనే ఉంటుంది, కొందరికి ఇంకా తర్వాత కూడా. అంతా మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేను గానీ ఆరు నెలలకి ఉన్నదే జీవితాంతం అని ఎవరైనా అంటే నమ్మకండి. రోజురోజుకీ పెరిగిపోయే మతిమరుపు జబ్బు కాదిది, ఒకసారి తగిలిన దెబ్బ. అందుకే బాగవుతూ వచ్చిన మనిషి మళ్ళీ వెనక్కి వెళ్తుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. స్కాన్ మళ్ళీ తియ్యాల్సింది అప్పుడే, ఊరికే మచ్చ తగ్గిందా అని చూడ్డానికి కాదు, ఆ మచ్చ పోదు. తలనొప్పి రోజురోజుకీ పెరగడం, వాంతులు, మత్తుగా పడుకునుండటం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, మళ్ళీ ఫిట్స్, ఇవి కనబడితే 108కి ఫోన్ చెయ్యండి.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట, ఇంట్లో పెద్దవాళ్ళు బాత్రూంలో జారి తలకి చిన్న దెబ్బ తగిలి బాగానే ఉన్నారని వదిలేస్తారు, మూడు నాలుగు వారాలకి మతిమరుపు, తడబాటు, మత్తు మొదలవుతుంది, వయసు వల్ల అనుకుంటారు. గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళయితే మరీను. మెదడు పైపొర కింద నెమ్మదిగా రక్తం చేరిపోయి ఉండొచ్చు, ఒక్క సీటీతో తెలిసిపోద్ది, పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి తీసేస్తే చాలామంది మళ్ళీ మామూలైపోతారు.

ఉద్యోగం సంగతికొస్తే, పంపించొచ్చు గానీ పాత డ్యూటీకి కాదు. యజమానితో మాట్లాడి ముందు సగం పూట, పగలు మాత్రమే, గ్రేడింగ్ దగ్గర నిలబెట్టమనండి, స్టాక్ లెక్కలు, కూలీల డబ్బులు ఇంకొకరు చూడాలి, లేకపోతే లెక్క తేడా వచ్చిన రోజు ఆయన మీద మాట పడుతుంది. కాల్చే చోట, మిషన్ల దగ్గర వద్దు, ఫిట్స్ భయం ఒకటి, వాసన తెలియకపోవడం ఇంకొకటి. వాసన మోసే సన్నటి నరాలు ముక్కు పైన ఎముకలోంచి వెళ్తాయి, పడినప్పుడు అవి తెగుతాయి, కొందరికి ఏడాదిలోపు కొంత తిరిగొస్తుంది, కొందరికి రాదు. గ్యాస్ లీకైనా, కూర మాడినా ఆయనకి తెలియదు కాబట్టి వంటింట్లో ఒక్కర్నీ వదలకండి, రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ మీరే ఆపేయండి. బైక్ మాత్రం డాక్టర్ సరే అనేదాకా ముట్టుకోకూడదు, పలాసకి బస్సులో వెళ్ళమనండి.

ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా మొదటి రోజు సీటీ, మొన్నటి ఎమ్మారై రెండింటి సీడీలూ, డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వాడే మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్ళండి. శ్రీకాకుళం గవర్నమెంట్ ఆసుపత్రిలో చూపించి రాయించుకుని వైజాగ్ కేజీహెచ్‌కి వెళ్ళినా సరే. మీరూ పక్కన కూర్చోండి, ఎందుకంటే ఎలా ఉన్నావు అని అడిగితే ఆయన "బాగానే ఉన్నానండి" అంటారు, తను ఏం మర్చిపోతున్నాడో ఆయనకే గుర్తుండదు కదా.